ఇంట్లో షుగర్, ఫ్యాటీ లివర్ రెండూ ఉంటే ఏం చేయాలి?

నేను గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అన్నకు షుగర్, చెల్లెలికి ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు పేరుకోవడం), మేనత్తకు రెండూ ఉన్న కుటుంబాలు మా కౌంటర్ దగ్గర తరచూ కనిపిస్తాయి. ఎవరి డాక్టర్ వాళ్ళకే కాబట్టి ఆ రిపోర్టులన్నీ ఒకచోట పెట్టి చూసేవాళ్ళు ఉండరు. ఆ పని ఇంట్లోవాళ్ళే చేయాలి. దానికి ఒక తెల్ల కాగితం, పెద్దవాళ్ళతో ఒక పూట మాట్లాడే ఓపిక చాలు.

కాగితం మధ్యలో మీ పేరు రాయండి. పైన అమ్మానాన్నలు, ఆపైన తాతలు, నానమ్మ, అమ్మమ్మ, పక్కన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్తలు, మేనమామలు. ఒక్కొక్కరికీ షుగర్ ఏ వయసులో బయటపడిందో, మద్యం అలవాటు ఉందో లేదో రాయాలి. ఆడవాళ్ళను ‘కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా’ అని విడిగా అడగండి. కాలేయం సంగతి అడిగేటప్పుడు సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడైపోవడం) అనే మాట వాడితే ముసలివాళ్ళు ఏమీ చెప్పలేరు. ‘తాతయ్యకు పొట్టలో నీళ్ళు పట్టాయా? సూదితో తీయించారా? రక్తం వాంతి అయ్యిందా?’ అని అడిగితే అన్నీ గుర్తొస్తాయి. మా పెదనాన్న సంగతి మాకు తెలిసింది అలాగే. ఆయన చుక్క ముట్టని మనిషి. షుగర్ మాత్రం చాలా ఏళ్ళుంది. చివర్లో పొట్ట ఉబ్బితే చాటుగా తాగేవాడని ఊళ్ళో అన్నారు. మద్యం ముట్టకపోయినా ఫ్యాటీ లివర్ ముదిరి పొట్టలో నీళ్ళు పట్టవచ్చని అప్పుడు ఎవరికీ తెలియదు. ఊళ్ళోవాళ్ళ ఆ మాట పెద్దమ్మను ఇప్పటికీ బాధపెడుతుంది.

మేనరికాలు ఉంటే వాటినీ గీతతో చూపించండి. ఎందుకో చెబుతాను. 2008లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్ళ కాలేయంలో కొవ్వు ఎక్కువగా పేరుకుంటోందని కనిపెట్టారు. ఈ మార్పు వల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 148వ స్థానంలో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు మెథియోనిన్ అనేది వస్తుంది. అలా మారిన ప్రోటీన్ కొవ్వు బిందువుల మీద పేరుకుపోయి, కొవ్వు కరగకుండా అడ్డుపడుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మారిన జన్యువు రెండు కాపీలు వచ్చినవాళ్ళకు ముప్పు ఎక్కువ. అమ్మానాన్నలు దగ్గరి బంధువులైతే అలా రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది.

అయితే ఈ జన్యు మార్పు ఉంటే షుగర్ కూడా వచ్చి తీరుతుందని అనుకోవద్దు. అది కాలేయాన్ని దెబ్బతీసినంతగా షుగర్‌ను పెంచదు. జీసీకేఆర్ అనే ఇంకో జన్యువులోని మార్పైతే కాలేయంలో కొవ్వు పెంచుతూనే పరగడుపు షుగర్‌ను కాస్త తగ్గిస్తుంది. షుగర్ ముప్పుతో గట్టి సంబంధమున్న టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువు వేరే. కాబట్టి షుగర్ నార్మల్‌గా ఉందని కాలేయాన్ని వదిలేయకూడదు, కాలేయం బాగుందని షుగర్ పరీక్ష మానకూడదు.

డబ్బు పెట్టి జన్యు పరీక్ష చేయించాలా అని చాలామంది అడుగుతారు. మామూలుగా అక్కర్లేదనే నా అభిప్రాయం. ఫలితం ఏదొచ్చినా డాక్టర్ చెప్పే వైద్యం ప్రస్తుతానికి పెద్దగా మారదు. అంతకంటే మీ పాత రిపోర్టుల్లో ఉన్న అంకెలతోనే ఫిబ్-4 లెక్క వేసుకోండి. కాలేయం గట్టిపడే ముప్పు ఎంతుందో అది అంచనా వేస్తుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే కాలేయ పరీక్ష రిపోర్టులో ఉండే రెండు ఎంజైముల అంకెలు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. మన రిపోర్టుల్లో ప్లేట్‌లెట్లు 1.60 లక్షలు అని ఉంటాయి. లెక్కలో దాన్ని 160 అని వేయాలి, లేకపోతే జవాబు ఎక్కడికో పోతుంది.

మా అత్తకు 52 ఏళ్ళు. ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1.60 లక్షలు. స్కానింగ్‌లో ‘గ్రేడ్ 1’ అని రాశారు. ఎస్‌జీపీటీ నార్మలే కదా, గ్రేడ్ కూడా ఒకటే కదా అని ఇంట్లో నిశ్చింతగా ఉన్నారు. లెక్క వేస్తే 52 ఇంటూ 48 అంటే 2496, 160 ఇంటూ 6 అంటే 960, భాగిస్తే 2.6. 1.3 లోపు ఉంటే ముప్పు తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. 65 దాటినవాళ్ళకు కింది హద్దు 2.0. 35 ఏళ్ళలోపు వాళ్ళకు ఈ లెక్క సరిగా పనిచేయదు. అత్త ఎక్కువ ముప్పు అంచు దాకా వచ్చేసింది, అందుకే ఆలస్యం చేయకుండా కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కు పంపించాం. స్కానింగ్‌లో గ్రేడ్ అంటే కొవ్వు ఎంతుందనే అంచనా మాత్రమే. కాలేయం ఎంత గట్టిపడిందో అది చెప్పదు.

ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించుకోవాలి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ దగ్గర్లో ఉన్నట్టు, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. నడుము కొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. సన్నగా కనిపించేవాళ్ళు కూడా టేపు పెట్టి చూసుకోవాలి.

జన్యు మార్పు ఉంటే ఇక చేసేదేమీ లేదనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. అధిక బరువు ఉన్నప్పుడే ఆ మార్పు ఎక్కువ చెడు చేస్తుంది. బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 10 శాతం తగ్గితే గట్టిపడిన కాలేయం కూడా కొంత మెరుగుపడే అవకాశం ఉంది. మద్యం పూర్తిగా మానేయాలి. కూల్‌డ్రింకులు, తీపి టీలు తగ్గించాలి. తిప్పతీగ లాంటి కషాయాలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి.

గీసిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు పంపండి. ఎవరు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు దాన్ని చూపించి, ‘షుగర్‌తో పాటు కాలేయం కూడా ఒకసారి చూడండి’ అని అడగమనండి.