సాల్వెంట్ డ్రమ్ముల దగ్గర ప్రమాదం లేకుండా పని చేయడం ఎలా?

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లోని బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లలోనే కాదు, పెయింట్లు కలిపే చిన్న షెడ్డులో కూడా టోలుయిన్, అసిటోన్ లాంటి సాల్వెంట్ల (వేరే పదార్థాలను కరిగించే ద్రవాల) డ్రమ్ములు కనిపిస్తాయి. టోలుయిన్ సుమారు 4 డిగ్రీల దగ్గర, అసిటోన్ అయితే మైనస్ 20 దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతాయి కాబట్టి ఎండాకాలమే డేంజర్ అనుకోకండి, డిసెంబరు చలిలో కూడా మూత తీసిన డ్రమ్ము దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు.

ముందు సప్లయర్‌ని అడిగి సేఫ్టీ డేటా షీట్ (ఆ రసాయనంతో వచ్చే ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం) తీసుకోండి. అందులో 16 భాగాలుంటాయి. టైమ్ లేకపోతే కనీసం ప్రథమ చికిత్స (4), మంటలార్పడం (5), నిల్వ (7), గ్లవ్స్, మాస్కులు (8) చదవండి. ఆ కాగితం మేనేజర్ బీరువాలో ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు. డ్రమ్ము వంచేది చాలాచోట్ల ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కాంట్రాక్ట్ కార్మికుడు, కాబట్టి ముఖ్యమైన నాలుగు మాటలు తెలుగుతో పాటు హిందీలో, ఒడియాలో కూడా రాసి డ్రమ్ము దగ్గరే అతికించండి, నోటితో కూడా చెప్పండి.

అసలు జాగ్రత్త అంతా డ్రమ్ములోంచి క్యాన్‌లోకి పోసేటప్పుడు కావాలి. టోలుయిన్ పారుతుంటేనే స్టాటిక్ కరెంటు పుడుతుంది, అది కంటికి కనపడదు, కానీ దాని నిప్పురవ్వకే ఆవిరి అంటుకోవచ్చు. ఆ కరెంటు నేలలోకి పోవాలంటే, మూత తీయకముందే డ్రమ్ముకి ఎర్తింగ్ వైరు తగిలించండి, డ్రమ్ముకీ క్యాన్‌కీ మధ్య ఇంకో వైరు కలపండి. క్లిప్పు పెయింటు మీద పెడితే పెట్టనట్టే, పెయింటు గీకి మెరిసే ఇనుము మీద గట్టిగా పట్టేలా పెట్టాలి. ప్లాస్టిక్ క్యాన్‌కి ఎన్ని క్లిప్పులు పెట్టినా లాభం లేదు, మెటల్ క్యానే వాడండి. పైనుంచి ధారగా వదలకుండా, పైపు క్యాన్ అడుగుదాకా దించి నెమ్మదిగా పోయండి. మూతలు పెట్టాకే వైర్లు తీయాలి.

ఈ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. అందుకే ఎగ్జాస్ట్ నేలకు దగ్గరగా ఉండాలి, సీలింగ్ ఫ్యాన్‌ని నమ్ముకోవద్దు. ఫోన్లు బయట పెట్టించండి.

సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ ఆవిరికి (అంటే ఇలాంటి సాల్వెంట్ల ఆవిరికి) పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు, అంటే ఫిల్టర్ డబ్బా బిగించిన మాస్కు కావాలి. గ్లవ్స్ కూడా అన్నీ ఒకటి కాదు, మామూలు నైట్రైల్ గ్లవ్స్‌లోంచి అసిటోన్ త్వరగానే లోపలికి వచ్చేస్తుంది.

మిగిలిన సాల్వెంట్‌ని వాటర్ బాటిల్లో పోసి పెట్టడం మాత్రం ఇవాళే మానిపించండి. దాహమేసి ఎవరైనా తాగేస్తారు. తాగినవాళ్లకు బలవంతంగా వాంతి చేయించకుండా, లేబుల్ పట్టుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఖాళీ డ్రమ్ముని కోయనివ్వద్దు, వెల్డింగ్ పెట్టనివ్వద్దు, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది. ఒలికితే పొడి ఇసుక చల్లండి, రంపపు పొట్టు వద్దు. టోలుయిన్‌కి నిప్పంటుకుంటే నీళ్ల పైపు పట్టకండి, అది నీటి మీద తేలి మంటని ఇంకా పాకిస్తుంది. మంట చిన్నదైతే ఫోమ్ గానీ డ్రై పౌడర్ సిలిండర్ గానీ వాడండి, పెద్దదైతే అందర్నీ బయటికి పంపేసి 101కి ఫోన్ చేయండి.