కన్ను తీసేయాలన్నప్పుడు, సంతకం పెట్టేముందు మందుల సంగతి అడగండి

మా నాన్నకి ఎడమ కంటి కింది రెప్ప మీద, ముక్కు వైపు మూలలో చిన్న పుండు లేచింది. మానినట్టే మాని మళ్ళీ పెచ్చు కట్టేది. కంటి కురుపనుకుని ఆయింట్‌మెంట్ రాస్తూ ఏడాది గడిపేశాం. చివరికి బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష), స్కాన్ చేయిస్తే, అది చర్మ క్యాన్సరనీ, కంటిగూటిలోకి పాకిందనీ తేలింది. కన్ను, రెప్పలు, గూటిలోని కండ అంతా తీసేయాలన్నారు. అప్పటికీ నాన్న ఆ కంటితో పేపర్ చదువుతున్నారు.

మీకూ ఇలాంటి మాట వినాల్సి వస్తే ముందు బయాప్సీ రిపోర్టు చేతిలోకి తీసుకుని, క్యాన్సర్ రకం ఏమిటో చూడండి. మిగతాదంతా ఆ పేరు మీదే ఆధారపడుతుంది. బేసల్ సెల్ కార్సినోమా అని ఉంటే విస్మోడెగిబ్, సోనిడెగిబ్ అనే క్యాప్సూల్స్ ఉన్నాయి. ఈ క్యాన్సర్ కణాలు పెరగమని చెప్పే హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని పట్టుకుని పెరుగుతాయి. ఈ మందులు ఆ సంకేతాన్ని ఆపేస్తాయి. విస్మోడెగిబ్‌కి అమెరికాలో 2012లోనే అనుమతి వచ్చింది. స్క్వేమస్ సెల్ అయితే ఈ క్యాప్సూల్స్ దారి కాదు. దానికి సెమిప్లిమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ (శరీరపు రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి లేపే మందు) ఉంది, మూడు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి, ఎందుకంటే ఆ మందుతో శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉంది. రెప్పల్లోని నూనె గ్రంథుల్లో పుట్టే సెబేషియస్ కార్సినోమా మళ్ళీ వేరు, దానికీ ఈ క్యాప్సూల్స్ కాదు.

తర్వాత కంటిగూటి సర్జన్‌ని, క్యాన్సర్ మందుల డాక్టర్‌ని ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "ముందు మందుతో గడ్డను కుదించి, ఆ తర్వాత చిన్న ఆపరేషన్ చేయొచ్చా?" మాకు మొదటి చోట ఈ మాట ఎవరూ ఎత్తలేదు. రెండో అభిప్రాయానికి వెళ్ళాకే తెలిసింది. కంటి చుట్టూ వచ్చిన బేసల్ సెల్ మీద విస్మోడెగిబ్‌తో చేసిన విసార్బ్ అధ్యయనం 2021లో అచ్చయింది. అందులో మందు తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవారిలో 67 శాతం మందికి, తీసిన కణజాలంలో క్యాన్సరే కనిపించలేదు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. గడ్డ మెదడు వైపు పోతోందనో, ఆగే సమయం లేదనో డాక్టర్ అంటే కారణం వివరంగా చెప్పించుకోండి, ఆ మాట వినండి.

విస్మోడెగిబ్ రోజుకొకటి, 150 మిల్లీగ్రాములు. విప్పకుండా, నలపకుండా మింగాలి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకూడదు. సోనిడెగిబ్ అయితే ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి.

నాన్న క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. కష్టమంతా ఆ తర్వాతే. రెండో నెలలో అర్ధరాత్రి నాన్న పిక్క పట్టేసి మంచం మీద లేచి కూర్చునేవారు. చేత్తో పట్టుకుంటే కండ రాయిలా ఉండేది. నేను పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే మెల్లగా వదిలేది. జుట్టు పలచబడింది. రుచి పోయింది, "ఏం తిన్నా మట్టిలా ఉందమ్మా" అనేవారు. బరువు తగ్గడం మొదలైంది. ఇవన్నీ తెలిసిన దుష్ప్రభావాలే, ఓర్చుకుని దాచకండి. డాక్టర్‌కి చెబితే కొన్ని వారాలు విరామం ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. సొంతంగా మాత్రం ఆపొద్దు.

ఒక్క విషయంలో అసలు రాజీ పడకూడదు. ఈ క్యాప్సూల్స్ కడుపులోని బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు తెస్తాయి. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళు మందు మానాక కూడా చాలా నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. విస్మోడెగిబ్‌కైతే రెండేళ్ళు. మగవాళ్ళు కండోమ్ వాడాలి. ఎవరైనా సరే, ఆ కాలంలో రక్తదానం చేయకూడదు.

వారానికోసారి అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి ఫోటో తీయండి, పక్కన చిన్న స్కేలు పెట్టి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. మా ఫోటోల్లో పదో వారానికి పెచ్చు అంచులు లోపలికి జరిగాయి. అయినా పైన మానింది కదా అని నమ్మొద్దు, లోపల మిగిలి ఉండొచ్చు. స్కాన్, అవసరమైతే మళ్ళీ బయాప్సీ అడగండి.

నాన్నకి చివరికి రెప్ప మూలలో చిన్న ఆపరేషన్ చేశారు. కన్ను ఉంది. తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి చెకప్‌లు ఆపలేదు, ఆదివారం ఫోటో కూడా ఆపలేదు.