గేరు ఆయిల్ తెల్లబడితే: అవుట్‌బోర్డ్ కింది గేరుబాక్సు సీలు మార్చే పద్ధతి

పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజను కింది గేరుబాక్సు నుంచి తీసిన ఆయిల్ పాల కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే. కొత్త ఆయిల్ పోసి వదిలేస్తే మళ్లీ అదే రంగు వస్తుంది, ఈలోగా బేరింగులు తుప్పు పడతాయి. ముందు నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. ఆ తర్వాతే పానా పట్టాలి.

ప్లగ్గు వైరు పీకి, గేరు న్యూట్రల్లో పెట్టి, ఫ్యాను (ప్రొపెల్లర్) విప్పండి. స్ప్లిట్ పిన్ను, నట్టు, వాషరు, స్పేసరు, లోపలి థ్రస్ట్ వాషరు వచ్చిన వరసలోనే గోనెపట్టా మీద పెట్టుకోండి. ఇప్పుడు షాఫ్టు మొదట్లో చూడండి. చెన్నై కాసిమేడు హార్బరు నీళ్లలో తెగిన వల ముక్కలకు కొదవ లేదు. నైలాను దారం ఫ్యాను వెనక చుట్టుకుని, వేడికి కరిగి, సీలు (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పెదవిని కోసేస్తుంది. ఎక్కువసార్లు దోషం ఇక్కడే ఉంటుంది.

కింది స్క్రూ, తర్వాత పై స్క్రూ తీసి ఆయిల్ దించండి. అయస్కాంతం ఉన్న స్క్రూకి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటితే ఫర్వాలేదు. గోరంత లోహపు ముక్కలు కనిపిస్తే గేర్లే పోతున్నాయి, అది సీలుతో తీరే పని కాదు.

ఒక రంధ్రం బిగించి, రెండోదానికి గేజీ ఉన్న చేతిపంపు తగిలించి 10 పీఎస్‌ఐ గాలి పెట్టండి. 15 దాటితే మంచి సీలు కూడా కదలొచ్చు. సబ్బునీళ్లు రాసి షాఫ్టు చేత్తో తిప్పండి. బుడగలు షాఫ్టు దగ్గర వస్తే ఫ్యాను సీలు, స్క్రూ దగ్గర వస్తే దాని గాస్కెట్టు. గేజీ దిగుతున్నా బయట బుడగ లేదంటే నీటిపంపు కింది సీలు, లేదా గేరు రాడ్డు సీలు. అప్పుడు గేరు రాడ్డు జాయింటు వదులు చేసి, బోల్టులు తీసి కింది గేరుబాక్సు యూనిట్ మొత్తం దించాలి.

ఫ్యాను సీళ్లు ఉండే హౌసింగు చిన్న ఇంజన్లలో రెండు బోల్టులతో ఉంటుంది. ఉప్పు పట్టి బిగుసుకుంటే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలి, వేడిగాలి పట్టి, పుల్లరుతో లాగండి. ఉలి పెట్టి కొడితే అల్యూమినియం చెవులు విరుగుతాయి. లోపల షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) ఉంటే ఒక్కటీ పోగొట్టకండి, గేర్ల మధ్య సందు వాటి మీదే నిలుస్తుంది.

పాత సీళ్లు తీసేముందు పెదవులు ఎటు చూస్తున్నాయో ఫొటో తీసుకోండి, మోడలును బట్టి మారతాయి. బయటి కొట్లో కొనేటప్పుడు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడూ చూడండి. సీలు లోపలి స్ప్రింగు స్టెయిన్‌లెస్‌దే కావాలి, మామూలుది ఉప్పునీటికి నిలవదు. షాఫ్టు మీద గోరు తట్టే గాడి ఉంటే కొత్త సీలూ కారుతుంది. హౌసింగులో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోపెట్టండి. రెండు సీళ్ల మధ్య వాటర్‌ప్రూఫ్ గ్రీజు నింపండి.

యూనిట్ దించాక ఇంపెల్లర్ (నీటిపంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) కూడా మార్చేయండి. ఒడ్డుకు లాగే ఫైబరు బోట్లలో ఇసుక దాని రెక్కల్ని త్వరగా అరగదీస్తుంది. కొత్తది ఎక్కించేటప్పుడు ఇంజను నుంచి కిందికి దిగే నిలువు షాఫ్టును గడియారం తిరిగే వైపే తిప్పుతూ పంపు హౌసింగు నొక్కండి. ఆ షాఫ్టు పళ్లకు గ్రీజు రాయండి గానీ పై కొనకు వద్దు. అక్కడ గ్రీజు నిండితే షాఫ్టు పూర్తిగా లోపలికి దిగదు.

కంపెనీ చెప్పిన గేరు ఆయిల్‌ను, సాధారణంగా 90 గ్రేడు, కింది రంధ్రంలోంచే ఎక్కించండి. పైనుంచి పోస్తే గాలి ఇరుక్కుంటుంది. పై రంధ్రంలో బుడగల్లేకుండా పొంగాక ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాలి. రెండింటికీ కొత్త గాస్కెట్లే వేయండి.

డ్రమ్ములో, నీటిమట్టం ఫ్యాను పైనున్న పలకను దాటేలా ముంచి స్టార్టు చేయండి. పక్కనుంచి నీటి ధార రాకపోతే వెంటనే ఆపేయాలి. పది గంటలు నడిచాక, ఇంజను ఒక రాత్రి నిలువుగా ఉన్న తర్వాత, కింది స్క్రూ కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. నీళ్లు బరువు కాబట్టి, ఉంటే అవే ముందు వస్తాయి.