వలస లెక్కలు చదవడం – 4: సగటు కూలి తగ్గితే ఎవరి కూలి తగ్గినట్టు?

ఈసారి నేరుగా కూలి రేట్ల దగ్గరికి వెళ్దామనుకున్నాం గానీ, 3వ పాఠం అభ్యాసానికి మీరు రాసిన జవాబులు చూశాక కుదరదు. 2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక, అలాంటి కొత్త సభ్యదేశాల నుంచి ఉద్యోగానికి వచ్చేవాళ్ల పేర్లు రాసుకోడానికి బ్రిటన్ నడిపిన కార్మిక నమోదు పథకం అంకెల్ని ఏడాది తర్వాత ఏడాది కూడేసి, వచ్చిన మొత్తాన్ని ‘బ్రిటన్‌లో ఉన్నవాళ్లు’ అని రాశారు. కూడిక సరే, పేరే తప్పు. వచ్చేటప్పుడు పేరు రాయించుకునేవాళ్లు. వెళ్లిపోయేటప్పుడు కొట్టేసేవాళ్లు లేరు. ఆరు నెలలు పళ్లు కోసి ఇంటికెళ్లిన మనిషీ మీ మొత్తంలో ఉన్నాడు. సొంతంగా పని చేసుకునే ప్లంబరుకు నమోదే అక్కర్లేదు కాబట్టి అతను లేడు. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయని అనుకోకండి. పైగా మొదటి ఏడాదిలోపు యజమాని మారితే మళ్లీ దరఖాస్తు పెట్టాలి. అందుకే దరఖాస్తులు వేరు, దరఖాస్తుదారులు వేరు.

ఎంతమంది ఉన్నారో తెలియాలంటే జనగణన చూడాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలండ్‌లో పుట్టినవాళ్లు 2001లో సుమారు 58,000, 2011లో 5,79,000. నేనైతే ఈ రెండూ కాగితం పైన రాసుకున్నాకే నమోదు పట్టిక తెరుస్తాను. ఏ పనిలోకి, ఏ నెలలో వచ్చారన్నదానికి మాత్రం పట్టికే మెరుగు.

ఇక కూలి. గిడ్డంగిలో పదిమందికి గంటకు 10 పౌండ్లు. కొత్తగా ఇద్దరు 7 పౌండ్లకు చేరారు. మొత్తం 114, మనుషులు 12, సగటు 9.50. సగటు 5 శాతం పడింది, పాతవాళ్లలో ఒక్కరికీ పెన్నీ తగ్గలేదు. ఇప్పుడు పాతవాళ్లలో నలుగురు 13 పౌండ్లకు సూపర్‌వైజర్లయ్యారనుకోండి: 126ని 12తో భాగిస్తే 10.50. సగటు పెరిగింది, కొత్త ఇద్దరూ 7 దగ్గరే ఉన్నారు. అంటే సగటు ఎటు కదిలినా ఎవరికి ఏమైందో చెప్పదు. ‘వలస వల్ల కూలి పడింది’ అన్న శీర్షిక కనిపిస్తే ముందు అడగాల్సింది: అవే మనుషుల్ని ముందూ తర్వాతా కొలిచారా, లేక గుంపు మారాక గుంపునే కొలిచారా?

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2015లో ప్రచురించిన పరిశోధన పత్రాన్నీ శాతం పాయింట్లను శాతంగా చదివి పాడుచేస్తారు. నైపుణ్యం అంతగా అక్కర్లేని సేవల పనుల్లో వలసవాళ్ల వాటా 10 శాతం పాయింట్లు పెరిగితే జీతాల్లో దాదాపు 2 శాతం తగ్గుదల అని అందులో ఉంది. 10 పాయింట్లంటే 20 శాతం వాటా 30 కావడం. 22 కావడం కాదు.

కనీస వేతనం దగ్గర పనిచేసేవాళ్ల రేటు చట్టప్రకారం ఇంకా దిగదు. అక్కడ గంటల కోత, ఏజెన్సీ ఒప్పందం, జీతం చీటీలో బస, రవాణా కోతలు చూడండి.

అభ్యాసం: ఐర్లండ్ జనగణనలో పోలండ్ జాతీయులు 2006లో 63,276, 2011లో 1,22,585, 2016లో 1,22,515. 2008 తర్వాత నిర్మాణరంగం కూలినా 2011 అంకె 2006 కంటే ఎందుకు పెద్దది? 2011 నుంచి 2016కు తేడా 70 మాత్రమే. అంటే రాకపోకలు ఆగిపోయాయా? ఇవి జాతీయత లెక్కలు, పైన ఇంగ్లండ్‌వి పుట్టినచోటు లెక్కలు. ఐర్లండ్‌లో పుట్టిన పోలిష్ పిల్లలు ఎందులో పడతారు? మూడింటికీ కారణంతో సహా జవాబు రాయండి. 5వ పాఠం ఆ జవాబుల మీదే నడుస్తుంది.