వికీపీడియాలో మీ గురించి తప్పు ఉందా? మీరు చెయ్యి పెట్టకుండా దిద్దించుకోవడం ఎలా?

మీ పేరుతో వికీపీడియాలో వ్యాసం ఉంది. అందులో పుట్టిన ఏడాది తప్పు పడింది, లేదా మీకు సంబంధం లేని కంపెనీ పేరు మీకు అంటగట్టారు. పైనే ‘మార్చు’ అన్న మీట కనిపిస్తోంది, నొక్కితే రెండు నిమిషాల పని. దయచేసి నొక్కకండి. చదివేవాళ్లకు కావలసింది ఉన్నదున్నట్టు సమాచారం, మీకు కావలసింది మీ మంచి పేరు. ఈ రెంటి మధ్య పేచీనే పరస్పర విరుద్ధ ప్రయోజనాలు అంటారు. మీ ఇంట్లోవాళ్లు, పీఏ, శిష్యులు, మీ ఫేస్‌బుక్ పేజీ చూసిపెట్టే కుర్రాడు, వీళ్లందరికీ ఇదే వర్తిస్తుంది. వికీపీడియా స్థాపకుల్లో ఒకడైన జిమ్మీ వేల్స్ కూడా తన వ్యాసంలో లారీ శాంగర్‌ను సహస్థాపకుడిగా చెప్పే మాటలు తానే తీసేసి, 2005లో అది బయటపడ్డాక అలా చేయకుండా ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. చేసిన ప్రతి మార్పూ తేదీ, సమయంతో సహా మార్పుల చరిత్రలో ఉండిపోతుంది.

1. అది ఏ రకం తప్పో తేల్చుకోండి

బూతులు, అక్షరదోషాలు, మూలం చూపకుండా మీపై వేసిన నింద అయితే మాత్రం మీరే తీసేయవచ్చు. తీసేటప్పుడు దిద్దుబాటు సారాంశంలో (ఏం మార్చారో, ఎందుకో రాసే గడి) ‘ఈ వ్యాసం నా గురించే, మూలం లేని ఆరోపణ తీసేశాను’ అని రాయండి. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌కు కెన్నెడీ హత్యతో సంబంధం ఉందన్న కట్టుకథ 2005లో నాలుగు నెలలపాటు ఆయన వ్యాసంలో అలాగే ఉండిపోయింది. బతికున్నవాళ్ల విషయంలో నియమాలు గట్టిపడటానికి ఆ ఉదంతం పెద్ద కారణం. మీరు తీసింది ఎవరైనా మళ్లీ పెడితే మాత్రం తిరిగి తీస్తూ కూర్చోవద్దు. ఇంగ్లీషు వికీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి మార్పులు తిప్పికొడితే మీ ఖాతా మీద నిరోధం పడవచ్చు.

మూలం ఉండి, నిజమై, మీకు నచ్చని విషయం వేరు. కేసు పెట్టిన వార్త ఉంటే దాన్ని తీసెయ్యమని అడగకండి, కేసు కొట్టేసిన వార్త చేర్చమని అడగండి. మొదటిది జరగడం అరుదు, రెండోది జరిగే అవకాశం చాలా ఎక్కువ.

2. ఖాతా తెరిచి, మీరెవరో చెప్పండి

ఒకే ఒక్క ఖాతా తెరవండి. మీ వాడుకరి పేజీలో (ఖాతా ఉన్నవాళ్లు తమ గురించి రాసుకునే పేజీ) ఒక్క వాక్యం చాలు: ‘ఫలానా వ్యాసం నా గురించి, అందుకే దాన్ని నేరుగా దిద్దను.’ ఉద్యోగంగానో డబ్బు తీసుకునో ఈ పని చేసేవాళ్లు డబ్బు ఎవరిస్తున్నారో, ఎవరి తరఫున చేస్తున్నారో బయటపెట్టి తీరాలి. 2014 నుంచి వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా వాడుక నిబంధనల్లోనే ఆ షరతు ఉంది.

3. మూలం సంపాదించండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. ‘నా గురించి నాకు తెలియదా?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ తెర అవతల రాస్తున్నది మీరేనని పాఠకుడికి తెలిసే దారి లేదు. అందుకే మీరు చెప్పింది ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండాలి. నవలా రచయిత్రి ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్‌కు విడాకులైనా వ్యాసంలో ఇంకా వివాహిత అనే ఉండేది. 2022 డిసెంబరులో ఆమె, ఆ మాట అడిగే విలేఖరి ఎవరైనా ఉన్నారా అని బహిరంగంగా అడగాల్సి వచ్చింది. స్లేట్ పత్రిక ఇంటర్వ్యూ వేసింది, వ్యాసం మారింది.

పుట్టిన ఏడాది, చదువు లాంటి వివాదం లేని సంగతులకు మీ సొంత వెబ్‌సైటు, మీదని ధ్రువపడిన సోషల్ మీడియా ఖాతా చాలు. గొప్పలకూ, ఇతరుల గురించి చెప్పే మాటలకూ అవి పనికిరావు. వాటికి మీతో సంబంధం లేని పత్రికో పుస్తకమో కావాలి. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. అభిమానులు వేసిన సన్మాన సంచిక, డబ్బిచ్చి వేయించుకున్న ప్రత్యేక కథనం, సభ నిర్వాహకుల కరపత్రం, ఇవేవీ స్వతంత్ర మూలాలు కావు. జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త నెట్‌లో దొరకదని దిగులు పడకండి, అచ్చు పత్రిక కూడా మూలమే. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ నంబరు, వార్త శీర్షిక ఇవ్వాలి. పాత కాగితాలు దాచుకున్నవాళ్లకు ఇదో పెద్ద వరం.

పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు ఫొటోలు చర్చ పేజీలో (ప్రతి వ్యాసానికీ పక్కనే ఉండే, దానిలో మార్పుల గురించి మాట్లాడుకునే పేజీ) పెట్టనే పెట్టవద్దు. ఆ పేజీ లోకమంతా చూస్తుంది, తర్వాత చెరిపేసినా పాత కూర్పు మిగిలే ఉంటుంది. పైగా అవి మూలాలుగా చెల్లవు. మన దగ్గర బడి రిజిస్టరులో ఒక తేదీ, అసలు పుట్టినరోజు ఒకటి ఉండటం మామూలే. అలాంటప్పుడు ఆ తేడా సంగతి చర్చ పేజీలో ముందే చెప్పేయండి. పూర్తి తేదీ కనబడటం ఇష్టం లేకపోతే ఏడాది మాత్రమే ఉంచమని అడగవచ్చు, ఇంగ్లీషు వికీ విధానం దానికి ఒప్పుకుంటుంది.

4. చర్చ పేజీలో అభ్యర్థన రాయండి

‘నా వ్యాసంలో చాలా తప్పులున్నాయి, సరిచేయగలరు’ అని రాస్తే ఎవరూ ముట్టుకోరు. చదివినవాళ్లు రెండు నిమిషాల్లో సరిచూసి మార్చేలా రాయాలి. ఇలా:

‘ఈ వ్యాసం నా గురించే. జీవితం విభాగం, మొదటి వాక్యం. ఇప్పుడున్నది: 1956లో గుంటూరులో పుట్టాడు. ఉండాల్సింది: 1965లో తెనాలిలో పుట్టాడు. కారణం: అంకెలు తారుమారయ్యాయి, ఊరు కూడా తప్పు. మూలం: ఫలానా దినపత్రిక, గుంటూరు ఎడిషన్, ఫలానా తేదీ, 4వ పేజీ.’

చివర నాలుగు టిల్డాలు (~~~~) పెడితే మీ సంతకం, సమయం వాటంతటవే పడతాయి. ఒక అభ్యర్థనలో ఒకటి రెండు మార్పులే అడగండి. ఇరవై అడిగితే అందులో ఒక్కటి వివాదమైనా మిగతా పంతొమ్మిదీ ఆగిపోతాయి. ‘ప్రముఖ’, ‘సుప్రసిద్ధ’, బిరుదులు, ‘గారు’ చేర్చమని అడగకండి. పేరుకు ముందూ వెనకా అవి పెట్టకపోవడం అగౌరవం కాదు, అక్కడ అందరికీ అదే పద్ధతి.

ఇంగ్లీషు వికీలో అభ్యర్థన పైన రెండేసి మీసాల బ్రాకెట్ల మధ్య ‘ఎడిట్ సీఓఐ’ (edit COI; పరస్పర విరుద్ధ ప్రయోజనాలకు ఇంగ్లీషులో పొట్టి పేరు సీఓఐ) అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అది వరుసలో చేరుతుంది. తెలుగు వికీలో చర్చ పేజీలో రాసి, వారం పదిరోజుల్లో ఎవరూ పలకకపోతే, తెలుగు వికీలో రాసేవాళ్లంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో లింకు ఇచ్చి గుర్తుచేయండి. అక్కడ పనిచేసేది కొద్దిమంది, అందరూ స్వచ్ఛందంగా చేసేవాళ్లే. ఇంగ్లీషులోనూ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

నింద తీవ్రమైనదైతే ఆగనక్కర్లేదు. ఇంగ్లీషు వికీలో సజీవ వ్యక్తుల వ్యాసాల కోసం ప్రత్యేక ఫిర్యాదు పేజీ ఉంది. నలుగురికీ తెలియకూడని విషయమైతే ‘మమ్మల్ని సంప్రదించండి’ లింకు ద్వారా ఈమెయిలు పంపండి, స్వచ్ఛంద కార్యకర్తల బృందం గోప్యంగా చూస్తుంది. ‘కోర్టుకు లాగుతా’ అని మాత్రం చర్చ పేజీలో రాయకండి. న్యాయపరమైన హక్కు మీకుంది, కానీ బెదిరింపు అక్కడే ఉన్నంతకాలం ఇంగ్లీషు వికీలో మీ ఖాతాను ఆపేస్తారు, ఆ తర్వాత అభ్యర్థన పెట్టే దారే మూసుకుపోతుంది.

5. ఫొటో మార్చాలంటే

ఫొటో మీదే అయినా కాపీహక్కు సాధారణంగా తీసినవాళ్లది. స్టూడియోవాళ్లు తీసిన బొమ్మను మీరు వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా బొమ్మలు దాచే చోటు) ఎక్కిస్తే తొలగిస్తారు. సెల్ఫీ తీసుకుని ఎక్కించండి, లేదా తీసిన మనిషి చేతే ఎక్కించి, ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఎంచుకోమనండి. వ్యాసంలో చేర్చమని మళ్లీ చర్చ పేజీలోనే అడగాలి.

6. ‘మేం చేసిపెడతాం’ అనేవాళ్లు తగిలితే

డబ్బిస్తే వ్యాసం పెడతాం, కాపాడతాం అంటూ ఫోన్లు వస్తాయి. ఇంగ్లీషు వికీలో 2015లో ఇలాంటి ముఠా ఒకటి దొరికితే 381 ఖాతాలను నిరోధించి, వాళ్లు పెట్టిన రెండు వందలకు పైగా వ్యాసాలు తొలగించారు. ఆ వ్యాసాలు ఎవరి గురించో వాళ్లలో చాలామంది డబ్బు వసూలుకు బలైనవాళ్లే. వికీపీడియా నిర్వాహకులెవరూ డబ్బు అడగరు. అడిగిన సందేశం ఉంటే స్క్రీన్‌షాట్ తీసి, పైన చెప్పిన స్వచ్ఛంద కార్యకర్తల బృందానికే ఈమెయిలు చేయండి.