పొడవాటి ఇంగ్లిష్ మాటల్లో స్ట్రెస్ ఎక్కడ పెట్టాలి?

విశాఖ సిరిపురం జంక్షన్‌లో నిలబెట్టి వీఎంఆర్‌డీఏ పూర్తి పేరు (విశాఖపట్నం మెట్రోపాలిటన్ రీజియన్ డెవలప్‌మెంట్ అథారిటీ) ఇంగ్లిష్‌లో చదవమంటే మన పిల్లలు రెండు రకాలుగా చదువుతారు. కొందరు మెట్రోపాలిటన్ నుంచి అథారిటీ దాకా అన్నిటినీ ఒకే బరువుతో, ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివేస్తారు. ఇంకొందరు నాలుగు వీడియోలు చూసి వచ్చి, తోచిన చోట గొంతు పెంచి మిగతాది మింగేస్తారు. రుషికొండ కంపెనీల ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లలో ఈ రెండో జబ్బే ఎక్కువ. మొదటి దాన్ని కుదర్చడం సులువు, రెండోదాన్ని వదిలించడమే కష్టం.

స్ట్రెస్ అంటే మాటలో ఒక ముక్కను మిగతావాటికంటే బరువుగా పలకడం. కావలసినవి: కాగితం, పెన్సిల్, స్ట్రెస్ గుర్తులున్న డిక్షనరీ. ఫోన్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఏదైనా ఫర్వాలేదు. పెన్ను వద్దు, చెరపాల్సి వస్తుంది. డిక్షనరీలో పైన కనిపించే చిన్న నిలువు గీత తన తర్వాత వచ్చే సిలబుల్‌ది, అంటే మాటలోని ముక్కది, ముందున్న దానిది కాదు. అడుగున ఉండే గీత చిన్న స్ట్రెస్‌ది. ఈ మాత్రం చూసుకోకుండా తిరగేసి చదివేవాళ్లకు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

మొదటి పని, ముక్కలు చేయడం. ఎన్ని అచ్చులు చెవికి వినిపిస్తే అన్ని ముక్కలు, స్పెల్లింగ్‌తో పని లేదు. చివర వచ్చే ‘షన్’ ఒకటే ముక్క, దాన్ని షి-యన్ చేయకండి. కార్పొరేషన్‌ను మన అక్షరాల ప్రకారం కా-ర్పొ-రే-షన్ అని కోయకూడదు, కార్-పొ-రే-షన్ అనాలి. బడిలో పద్యాలకు గణవిభజన చేసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువయ్యేది పొల్లు వెనక్కి జరిగి దాన్ని అంటుకుంటుంది కాబట్టే.

రెండో పని, తోక చూడటం. లెక్క ఎప్పుడూ చివర నుంచే. తోక ‘షన్’ అయితే దానికి సరిగ్గా ముందున్న ముక్క మీద స్ట్రెస్: కార్-పొ-‘రే’-షన్, ఎడ్-యు-‘కే’-షన్. తోక ‘ఇటీ’ అయితే, అది రెండు ముక్కలు కాబట్టి, చివర నుంచి మూడోది: యూ-ని-‘వర్’-సి-టీ, ఆ-‘థా’-రి-టీ. తోక తగిలితే స్ట్రెస్ చోటు మారుతుందని మరచిపోవద్దు. మున్సిపల్‌లో ‘ని’ మీద ఉన్న బరువు మున్సిపాలిటీకి వచ్చేసరికి ‘పా’ మీదికి జరుగుతుంది: మ్యు-‘ని’-సి-పల్, మ్యు-ని-సి-‘పా’-లి-టీ. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు మున్సిపాలిటీ అనే అనండి, ఎవరూ కాదనరు.

ఈ మాటలు లాటిన్ నుంచి వచ్చినవి, చివర నుంచి లెక్కపెట్టడం లాటిన్ అలవాటు. ఆ భాషలో పెద్ద మాటలకు చివరి నుంచి రెండో సిలబుల్ గురువైతే స్ట్రెస్ అక్కడ, లఘువైతే దానికి ముందున్న దాని మీద. గురులఘువులు తెలిసిన మనకు ఇంతకంటే దగ్గరి సూత్రం దొరకదు. అయినా కోచింగ్‌లలో దీన్ని వదిలేసి వందల మాటల లిస్టులు బట్టీ పట్టిస్తారు. లిస్టులో లేని మాట ఎదురైతే ఏం చేస్తారో నాకు అర్థం కాదు.

‘మెంట్’ తోక ఎవరి జోలికీ పోదు. అసలు మాటలో స్ట్రెస్ ఎక్కడుంటే అక్కడే ఉంటుంది: డి-‘వె’-లప్ నుంచి డి-‘వె’-లప్-మెంట్, ‘మ్యా’-నిజ్ నుంచి ‘మ్యా’-నిజ్-మెంట్. మనవాళ్లు డెవలప్‌మెంట్‌లో మొదటి ముక్కను పట్టుకుని వేలాడతారు, అది తప్పు.

ఇక మూడో పని. అందరూ చెడగొట్టేది దీన్నే, కాబట్టి నెమ్మదిగా చదవండి. స్ట్రెస్ ఉన్న ముక్కను పెంచడం ఎవరైనా చేస్తారు. మిగతా ముక్కలను తగ్గించడమే ఎవరికీ చేతకాదు. కార్పొరేషన్‌లో ‘పొ’ని నిండుగా పలికితే ‘రే’ మీద ఎంత బలం పెట్టినా తేలదు. అక్కడ నిజానికి ఒకారమే లేదు, సగం నోరు తెరిచి అనే బలహీనమైన అకారం ఉంది: కార్-ప-‘రే’-షన్. యూనివర్సిటీలో ‘సి’ కూడా అలాగే ‘స’ వైపు వాలుతుంది. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ పక్కపక్కన పెట్టి చూడండి: ‘ఫో’-ట-గ్రాఫ్, ఫ-‘టొ’-గ్ర-ఫీ. ఇవి లాటిన్‌వి కావు, గ్రీకువి. కానీ స్ట్రెస్ జరగగానే అచ్చులు ఎలా వాడిపోతాయో వీటిలో బాగా తెలుస్తుంది.

తగ్గించడమంటే మింగేయడం కాదు. మనం ‘చెబుతాను’ని ‘చెప్తాను’ చేసినప్పుడు ఒక ముక్క పూర్తిగా పోతుంది. ఇక్కడ అలా చేయకూడదు. ఇంగ్లిష్ వాళ్లు కొన్ని మాటల్లో మింగుతారు, ఆ పని వాళ్లకే వదిలేయండి. బల్ల మీద వేలితో తడుతూ పలకండి. యూనివర్సిటీకి ఐదు దెబ్బలు పడాలి, నాలుగు పడ్డాయంటే ఏదో మింగేశారు.

పెంచడంలోనూ జాగ్రత్త. హల్లును దంచి ‘ఆథార్రిటీ’ అనకూడదు. సాగాల్సింది అచ్చు. గొంతు కాస్త పైకి లేవాలి, అంతే. వేగం పెంచితే ఇంగ్లిష్‌లా వినిపిస్తుందని అనుకునేవాళ్లు ఉన్నారు. వేగంతో తప్పు దాగదు, ఇంకా తొందరగా బయటపడుతుంది.

ముఖ్య స్ట్రెస్‌కు ముందు రెండు మూడు ముక్కలుంటే వాటన్నిటినీ ఒకేలా తగ్గించకూడదు. అక్కడి నుంచి వెనక్కి ఒకటి వదిలి రెండోదానికి చిన్న స్ట్రెస్ ఇవ్వండి. యూనివర్సిటీలో అది ‘యూ’, ఎగ్జామినేషన్‌లో ‘జా’, కమ్యూనికేషన్‌లో ‘మ్యూ’. ఎలక్ట్రిసిటీ ఈ లెక్కకు లొంగదు. ‘ట్రి’ మీద పెద్దది, దాన్ని ఆనుకునే ‘లెక్’ మీద చిన్నది.

చివరి పని సులువు. మాటను తోక నుంచి పేర్చుకుంటూ రండి: షన్, ‘రే’-షన్, ప-‘రే’-షన్, కార్-ప-‘రే’-షన్. నిలబడి చేయండి. తర్వాత మాటను వాక్యంలో పెట్టి చెప్పండి.

లెక్క తప్పించుకునేవి కొన్ని ఉన్నాయి, వాటికి డిక్షనరీయే దిక్కు. టెలివిజన్‌లో స్ట్రెస్ మామూలుగా ‘టె’ మీద. స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్ వాళ్ల ఇళ్లలో రోజూ వినిపించే మెయింటెనెన్స్‌కు మొదటి ముక్క మీదే, దాని క్రియ మెయింటెయిన్‌కు మాత్రం రెండోదాని మీద. ఆ రెండిటినీ కలిపేసి ‘మెయిన్‌టైనెన్స్’ అంటుంటారు. అడ్వర్టైజ్‌మెంట్‌ను బ్రిటిష్ వాళ్లు ‘వర్’ మీద, అమెరికన్లు ఎక్కువగా ‘టైజ్’ మీద పలుకుతారు. మీరు బ్రిటిష్ పద్ధతే పట్టుకోండి.