వృద్ధాశ్రమానికి ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో దరఖాస్తు విధానం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు వృద్ధాశ్రమం నడిపే మనవాళ్లకు ఆంధ్రా నిబంధనలు వర్తించవు. 1993 నాటి ఒడిశా ఫైర్ సర్వీస్ చట్టం, 2017లో వచ్చిన నిబంధనలే చూసుకోవాలి. 2016 అక్టోబరులో భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంటలు రేగి 20 మందికి పైగా చనిపోయారు. మంచం దిగలేనివాళ్లను బయటికి తేవడం ఎంత కష్టమో అప్పుడు అందరికీ తెలిసింది.

దరఖాస్తు ఒడిశా ఫైర్ సర్వీస్ వారి ‘అగ్నిశమ సేవ’ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. కొత్తగా కట్టేవాళ్లు ప్లాను దశలోనే ఫైర్ సేఫ్టీ రికమెండేషన్ (భవనంలో ఏమేం అమర్చాలో చెప్పే పత్రం) తీసుకోవాలి. అందులో రాసినవన్నీ అమర్చాక సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తే అధికారులు తనిఖీకి వస్తారు. భవనం దేనికి వాడుతున్నారన్న చోట ‘నివాసం’ అని రాయకండి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్ వృద్ధాశ్రమాలను ఇళ్లతో కాకుండా, ఆసుపత్రుల్లాంటివి ఉండే ఇన్‌స్టిట్యూషనల్ వర్గంలో పెట్టింది. ఇల్లు అద్దెకు తీసుకుని ఆశ్రమం పెట్టినవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

కాగితాలకంటే ముందు రాత్రి 2 గంటలకు మీ ఆశ్రమం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. వెనక తలుపుకు తాళం, ఆ తాళంచెవి ఇంటికెళ్లిపోయిన మేనేజరు జేబులో. కిటికీలకు గ్రిల్స్. డ్యూటీలో ఇద్దరు ఆయాలు. ఇలా ఉంటే గోడకు ఎన్ని ఎర్ర సిలిండర్లు తగిలించినా లాభం లేదు. తాళంచెవి రాత్రి డ్యూటీవాళ్ల దగ్గరే ఉండాలి. నడవలేనివాళ్లను కింది అంతస్తులోకి మార్చండి. మంచం గుమ్మంలో పట్టుతుందో లేదో నెట్టి చూడండి. పట్టకపోతే దుప్పటి మీద పడుకోబెట్టి లాక్కెళ్లడం ఆయాలకు నేర్పించాలి. అందరినీ ఒకేసారి మెట్లు దింపాలనుకోవద్దు. ముందు అదే అంతస్తులో, పొగ తగలని పక్క భాగంలోకి చేర్చి తలుపు మూయాలి. లిఫ్టు వాడకూడదు.

ఎవరు నడవగలరు, ఎవరికి చేయూత కావాలి, ఎవరిని మోయాలి అన్న జాబితాను ఒడియాలోనూ తెలుగులోనూ రాసి గోడకు అంటించండి. పెద్దవాళ్లు తెలుగువాళ్లు, పనివాళ్లు ఒడియావాళ్లు అయితే ‘లేవండి, మంటలు’ అన్న మాట రెండు భాషల్లోనూ అందరికీ రావాలి. 101, 112 నంబర్లు పెద్ద అక్షరాలతో రాయండి. మాక్ డ్రిల్ పెడితే తేదీ, పట్టిన సమయం రిజిస్టరులో ఎక్కించండి, తనిఖీలో చూపించడానికి పనికొస్తుంది.

సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. తేదీ దాటకముందే రెన్యువల్‌కు పెట్టండి. మధ్యలో మంచాలు పెంచినా, గది కలిపినా ఫైర్ ఆఫీసుకు తెలియజేసి ప్లాను మార్పించుకోవాలి.